పసిఫిక్ దీవుల చెట్టు నత్త: గుల్ల చూసి పేరు పట్టుకోవడం ఎలా?

ఒక కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో పాత సొరుగులు సర్దుతుంటే అగ్గిపెట్టెలో దూది మధ్య ఒక నత్తగుల్ల దొరికింది. చిటికెన వేలి చివరి కణుపంత ఉంది. లేత గోధుమరంగు, నడుమ ఒక ముదురు పట్టీ, నోటి చుట్టూ తెల్లగా, దళసరిగా, బయటికి ఒరిగిన పెదవి. పక్కన మడతపెట్టిన చీటీలో రెండే మాటలు: ‘పార్టులా, సొసైటీ దీవులు’. పార్టులా అంటే పసిఫిక్ దీవుల చెట్టు నత్తల ప్రజాతి; తహితి, మోరెయా, రైయాతియా వంటి దీవుల గుంపు సొసైటీ దీవులు. దీవి పేరు లేదు, లోయ పేరు లేదు, తేదీ లేదు, ఏరినవారెవరో లేదు. ఆ గుల్లకు సరైన పేరు పెట్టాలని కూర్చున్న రోజుల్లో నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరసగా చెబుతాను. మీ చేతిలో గుల్ల ఉన్నా, ఫోటో మాత్రమే ఉన్నా పద్ధతి ఇదే.

ముందు కొన్ని మాటలు ఖాయం చేసుకుందాం. గుల్ల పైకొస మొన. మొన నుంచి తిరుగుతూ కిందికి దిగే చుట్లలో ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది చివరి చుట్టు. దాని పైనున్న చుట్లన్నీ కలిపి గోపురం. రెండు చుట్లు కలిసే చోట కనిపించే సన్నని గాడి అతుకు. నత్త బయటికి వచ్చే ద్వారం నోరు, ఆ నోటి అంచు పెదవి. గుల్లను నిలువునా కోస్తే మధ్యలో మెలితిరిగిన స్తంభం ఒకటి కనిపిస్తుంది, అది కంబం. కొన్ని గుల్లలకు కంబం అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని బొడ్డు అందాం.

మొదటి అడుగు: గుల్లను పక్కన పెట్టి చోటు అడగండి

పసిఫిక్ నత్తల విషయంలో గుల్ల కంటే ముందు చూడాల్సింది అది దొరికిన చోటు. ఈ నత్తలు దీవికొక తీరుగా, ఒక్కోసారి లోయకొక తీరుగా వేరుపడిపోయాయి. పార్టులా కుటుంబం పడమట పలావు, మరియానా దీవుల నుంచి తూర్పున మార్కెసాస్ వరకు పరుచుకుని ఉంది, హవాయిలో మాత్రం లేదు. అక్కడి చెట్టు నత్తలది వేరే కుటుంబం. వాటిలో అకటినెల్లా ప్రజాతి మొత్తం ఓవాహు అనే ఒకే ఒక్క దీవికి చెందినది. ‘హవాయి’ అని చీటీలో ఉంటే చాలు, పార్టులా అనే మాటను కొట్టివేయవచ్చు. అలాగే మోరెయా దీవి అని తెలిస్తే వెతకాల్సిన పార్టులా జాతులు ఏడే. రైయాతియా అయితే ముప్పైకి పైనే. ఒక్క దీవి పేరు ఎంత పని తగ్గిస్తుందో చూడండి.

హెన్రీ క్రాంప్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1906 నుంచి తహితి, మోరెయా, మరియానా దీవుల లోయలన్నీ తిరిగి ఈ నత్తల్ని వేల సంఖ్యలో ఏరి కొలిచాడు. ఏ గుల్ల ఏ లోయదో విడివిడిగా రాసిపెట్టాడు. ఆ శ్రద్ధ విలువ తర్వాత తెలిసింది. పంటలకు చేటు చేసే ఆఫ్రికా పెద్ద నత్త 1967లో తహితికి చేరింది. దాన్ని తింటుందని యూగ్లాండినా రోజియా అనే వేటాడే నత్తను 1974లో తహితిలోనూ, 1977లో మోరెయాలోనూ వదిలారు. అది చిన్నచిన్న చెట్టు నత్తల మీద పడింది. 1987 నాటికి మోరెయా అడవుల్లో పార్టులాలు కనిపించకుండా పోయాయి. సొసైటీ దీవులన్నిటిలో కలిపి 61 జాతులుంటే అడవిలో ఐదే మిగిలాయని 2003లో లెక్క తేలింది. నావికుడు కెప్టెన్ కుక్ తొలి యాత్రలో, 1769లో, సేకరించిన పార్టులా ఫాబా రైయాతియా నత్త. దాని వంశంలో ఆఖరిది 2016లో ఎడిన్‌బరో జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. ఇలాంటి జాతులకు ఇక మిగిలిన ఆనవాలు గుల్ల ఒక్కటే. దానికి తప్పు పేరు పెడితే సరిదిద్దడానికి బతికున్న నత్త దొరకదు.

చోటును నమ్మండి, కానీ ఒక్క జాగ్రత్త. దండలో గుచ్చిన గుల్ల అయితే దండ కొన్న ఊరు నత్త పెరిగిన ఊరు కాకపోవచ్చు. హవాయి నేల నత్తల్లో శాస్త్రానికి మొట్టమొదట తెలిసిన అకటినెల్లా అపెక్స్‌ఫల్వా గుల్ల 1789 నాటి వర్ణనకు ఎక్కింది ఒక దండలోంచే. తహితి తెల్ల నత్త పార్టులా హయలినాను పాలినీసియన్లు దండల కోసమే కుక్ దీవులకు, ఆస్ట్రల్ దీవులకు మోసుకుపోయారు. కుక్ దీవుల్లో ఒకటైన మంగాయాలో అది దొరకడానికి కారణం మనుషులే.

రెండో అడుగు: పెదవి తిరిగిందా?

పార్టులా పెరిగినంత కాలం దాని పెదవి కాగితపు అంచులా పలచగా, పదునుగా ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యాక పెదవి దళసరెక్కి గంట అంచులా బయటికి ఒరుగుతుంది. ఆ తర్వాత గుల్ల ఇక పెరగదు. కాబట్టి వేలి కొనతో పెదవిని మెల్లగా తడిమి చూడండి. గుండ్రంగా, మందంగా తగిలితే పెద్ద నత్త గుల్ల, ముందుకు సాగవచ్చు. పదునుగా తగిలితే పిల్లది. పిల్ల గుల్లను జాతి వరకు తేల్చాలని పంతం పట్టకండి, ప్రజాతి దగ్గర ఆగండి. పార్టులాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ పేరు కూడా ప్రసవాన్ని కాచే రోమన్ దేవతదే. పుట్టేటప్పటికే పిల్లకు చిన్న గుల్ల ఉంటుంది. ఆ చిట్టి గుల్లల్ని చూసి కొత్త జాతి దొరికిందని పొరబడేవారున్నారు.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. ఆఫ్రికా పెద్ద నత్త పిల్లదిగా ఉన్నప్పుడు గుల్ల పార్టులా అంతే ఉంటుంది. దాన్ని పట్టుకోవడం మనవాళ్లకు తేలిక, ఎందుకంటే అది 1847లోనే కలకత్తాకు వచ్చి, ఇప్పుడు మన పెరళ్లలోనూ తిరుగుతోంది. వానాకాలం పోయాక గోడ వారన ఒక ఖాళీ గుల్ల తప్పక దొరుకుతుంది. నోటి లోపలికి చూడండి. కంబం కిందికి సాగి పెదవిలో కలవకుండా, కత్తితో నరికినట్టు హఠాత్తుగా ఆగిపోతుంది. అడుగున బొడ్డు ఉండదు. పార్టులాలో కంబం అలా తెగదు, పెదవి వెనక సన్నని బొడ్డు తెరుచుకుని ఉంటుంది. ఈ తేడాను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే మళ్లీ మరిచిపోరు.

మూడో అడుగు: కుడి చుట్టా, ఎడమ చుట్టా?

మొన ఆకాశం వైపు, నోరు మీ వైపు ఉండేలా గుల్లను పట్టుకోండి. నోరు మీ కుడిచేతి వైపు పడితే కుడి చుట్టు, ఎడమచేతి వైపు పడితే ఎడమ చుట్టు. ప్రపంచంలో నత్తగుల్లలు చాలామటుకు కుడి చుట్టువే. పార్టులాల్లో మాత్రం ఎడమ చుట్టు కూడా తరచుగా కనిపిస్తుంది. అగ్గిపెట్టెలో దొరికిన నా గుల్ల ఎడమ చుట్టుదే.

తెలుగు పాఠకులు తప్పకుండా తడబడే చోటు ఇదే కనుక కాస్త ఆగి చెబుతాను. పూజామందిరంలో అపురూపంగా చూసుకునే దక్షిణావర్త శంఖం పేరు విని, దాన్ని కుడి చుట్టు అనుకుంటాం. శాస్త్రవేత్తలు దాన్ని ఎడమ చుట్టు అంటారు. ఎవరూ తప్పు చెప్పడం లేదు, పట్టుకునే తీరు వేరు. సంప్రదాయంలో శంఖం సన్నని తోక పైకి, గోపురం కిందికి ఉండేలా పట్టుకుని నోరు ఎటు తెరుచుకుందో చూస్తారు. శాస్త్రంలో గోపురం పైకి పట్టుకుంటారు. తలకిందులు చేస్తే కుడి ఎడమవుతుంది. మామూలుగా దొరికే శంఖాలన్నీ శాస్త్రం లెక్కలో కుడి చుట్టువి. దక్షిణావర్తం అరుదు కావడానికి కారణం అది ఎడమ చుట్టు కావడమే. నత్తగుల్ల గురించి రాసేటప్పుడు ‘దక్షిణావర్తం’ అనే మాట వాడకండి. ‘మొన పైకి పట్టుకుంటే నోరు ఎడమ వైపు’ అని పూర్తిగా రాయండి. చదివేవారికి అనుమానం మిగలదు.

ఫోటోలతో ఇంకో చిక్కు ఉంది. ఫోను ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి. కుడి చుట్టు ఎడమ అయిపోతుంది. గుల్ల పక్కన అంకెలున్న స్కేలు పెట్టి ఫోటో తీయండి. అంకెలు తిన్నగా చదవగలిగితే గుల్ల కూడా తిన్నగా ఉన్నట్టు. ఎవరైనా ఫోటో పంపి పేరడిగితే నేను మొదట చూసేది స్కేలు మీద అంకెల్నే.

చుట్టు దిశ మంచి ఆధారమే, కానీ ఒంటరిగా నిలబడదు. మోరెయాకే చెందిన పార్టులా సుటురాలిస్ కొన్ని లోయల్లో ఎడమ చుట్టు, కొన్నిచోట్ల కుడి చుట్టు, రెండూ కలిసే హద్దుల్లో రెండు రకాలూ. పైగా పిల్ల ఎటు తిరగాలో తేల్చేది పిల్ల జన్యువులు కావు, తల్లి జన్యువులు. అందుకే ‘ఎడమ చుట్టు, కనుక ఫలానా జాతి’ అని ఒక్క మాటతో తేల్చకండి. చోటు తెలిస్తేనే చుట్టు దిశ సాక్ష్యం చెబుతుంది.

నాలుగో అడుగు: కొలవడం, లెక్కపెట్టడం

వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది. మొన నుంచి పెదవి అడుగు అంచు వరకు, కంబానికి సమాంతరంగా ఎత్తు. దానికి అడ్డంగా, పెదవిని కూడా కలిపి వెడల్పు. మిల్లీమీటరులో పదో వంతు వరకు రాయండి. ఒక్కో కొలత మూడుసార్లు తీసుకోండి. గుల్ల కాస్త వాలినా అంకె మారిపోతుంది. పార్టులాలు ఎక్కువగా 15 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటాయి. న్యూ కలెడోనియా, ఫిజీ వైపు నుంచి వచ్చిన గుల్ల దాని కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా, బరువైన పెదవితో ఉంటే ప్లాకోస్టైలస్ అనే పెద్ద నేల నత్తల వైపు చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల గుల్ల అయితే కంటితో తేల్చే పని కాదు, సూక్ష్మదర్శిని కావాలి.

చుట్లు లెక్కపెట్టడానికి గుల్లను నేరుగా పైనుంచి చూడండి. మొన దగ్గర అతుకు గీత మొదలయ్యే బిందువు ఉంటుంది. ఆ బిందువు మీదుగా, మొన మధ్య నుంచి బయటి అంచు దాకా ఒక సరళరేఖ ఊహించుకోండి. అతుకు తిరిగి తిరిగి ఆ రేఖను దాటిన ప్రతిసారీ ఒక చుట్టు. చివర మిగిలిన దాన్ని పావు, అర, ముప్పావు అని రాయండి. మొదట్లో ఒకే గుల్లకు నాకు ఒకసారి నాలుగున్నర, ఇంకోసారి అయిదున్నర వచ్చేది. ఫోటో తీసి, దాని మీద పెన్సిలుతో రేఖ గీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాక అంకె నిలిచింది. మీ పెరటి నత్తగుల్లల మీద పది సార్లు సాధన చేసి, ఆ తర్వాతే అరుదైన గుల్లను ముట్టుకోండి.

అయిదో అడుగు: నోటి లోపలికి దీపం

చిన్న టార్చి వెలుగును ఏటవాలుగా నోట్లోకి వేయండి. పెదవికి ఎదురుగా ఉండే లోపలి గోడ మీద చిన్న తెల్లని బుడిపె, అంటే పన్ను, ఉందా? పార్టులాల్లో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కంబం నేరుగా దిగుతోందా, మడత ఉందా? కంబం మీద మెలితిరిగిన గట్టి మడత ఉండి, పెదవి బయటికి పెద్దగా ఒరగకపోతే అకటినెల్లా తరహా. బొడ్డు తెరుచుకుని ఉందా, సన్నని గీతలా మిగిలిందా, పూర్తిగా మూసుకుపోయిందా?

యూగ్లాండినా గుల్లను కూడా ఇక్కడే ఏరివేయాలి. కదురులా రెండు వైపులా సన్నబడిన ఆకారం, గులాబీ ఛాయ ఉన్న గోధుమరంగు, పొడవాటి ఇరుకు నోరు, పలచటి పెదవి, తెగిన కంబం. పెరిగితే ఏడు సెంటీమీటర్లకు కూడా చేరుతుంది. దీవుల్లో ఇప్పుడు తరచుగా దొరికే సన్నటి, గాజులాంటి సూదిమొన గుల్లలు చాలావరకు బయటి నుంచి వచ్చిన సుబులినా, అల్లోపియాస్ రకాలవి. మన పూలకుండీల మట్టిలో దొరికేవీ వాటి చుట్టాలే.

గుల్ల మీద గాయాలుంటే అవీ రాయండి. అంచులు కొరికినట్టు పగిలితే ఎలుక పని. చెక్కుచెదరని ఖాళీ గుల్లలు గుట్టగా పడి ఉంటే వేటాడే నత్తనో, నత్తల్ని తినే న్యూ గినీ చదునుపురుగునో అనుమానించాలి.

ఆరో అడుగు: రంగును చివరకు పిలవండి

కంటికి మొదట కనిపించేది రంగే, మోసం చేసేదీ రంగే. ఒకే జాతిలో పట్టీలున్నవి, లేనివి, పసుపువి, గోధుమవి కలిసే ఉంటాయి. హువాహినే దీవి నత్తకు పార్టులా వేరియా అనే పేరు ఈ వైవిధ్యం వల్లే వచ్చింది. పైగా రంగు చాలా గుల్లల్లో సున్నపు పొరలో కాకుండా, దాని మీద చర్మంలా అంటుకున్న పలచటి పైపొరలో ఉంటుంది. పాపువా న్యూ గినీకి చెందిన మానుస్ దీవి పచ్చ నత్త ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆ మరకత పచ్చదనం పైపొరది. అది లేచిపోతే కింద పసుపు కనిపిస్తుంది. నేల మీద ఎండకు, వానకు పడి ఉన్న ఏ గుల్లైనా కొన్నాళ్లకు సున్నంలా తెల్లబడుతుంది.

అందుకే ‘తెల్ల గుల్ల, కనుక హయలినా’ అనవద్దు. దీపానికి ఎదురుగా పట్టి చూడండి. హయలినా తెలుపు నునుపుగా, వెలుతురు దాటేలా ఉంటుంది. ఎండకు వెలిసిన గుల్ల తెలుపు వెలుతురును ఆపేస్తుంది, వేలికి గరుకుగా తగులుతుంది. ఎండను కొంత తిప్పికొట్టే ఆ అసలు తెలుపే హయలినాను కాపాడింది. మిషిగన్ విశ్వవిద్యాలయం వారు గింజంత కంప్యూటర్లను వేటాడే నత్తల మీద అంటించి, హయలినా ఉండే ఆకుల మీద పెట్టి ఎండను కొలిచారు. వేటగత్తె తట్టుకోలేనంత ఎండపడే అడవి అంచుల్లో హయలినా బతుకుతోందని 2021లో ప్రకటించారు.

ఫోటోలో గుల్ల మీద చిన్న రంగు చుక్క కనిపిస్తే దాన్ని గుల్ల సహజమైన అలంకారంగా లెక్కించకండి. జంతుప్రదర్శనశాలల్లో పెంచి 2015 నుంచి తిరిగి దీవులకు చేరుస్తున్న పార్టులాలకు గుర్తుగా అలాంటి రంగు చుక్కలు పెడతారు. చుక్క లేని పెద్ద నత్త కనిపించడం సంతోషించాల్సిన సంగతి, అది అడవిలోనే పుట్టిందన్నమాట. మోరెయాలో పార్టులా తోహివియానా విషయంలో 2024లో జరిగింది ఇదే.

గ్వామ్ గుల్లతో ఒకసారి చేసి చూద్దాం

మరియానా దీవుల్లో ఒకటైన గ్వామ్, జాతులు తక్కువ కనుక, నేర్చుకోవడానికి అనువైన దీవి. గ్వామ్‌లో దొరికిన, 16 మిల్లీమీటర్ల, పెదవి తిరిగిన గుల్ల మీ ముందుందనుకోండి. పక్క నుంచి చూడండి. చివరి చుట్టు ఉబ్బి, గూని ఉన్నట్టుగా ఉందా? అయితే పార్టులా గిబ్బా వైపు మొగ్గండి, ఆ పేరుకు అర్థమే గూని. అతుకు వెంట తెల్లని లేదా గోధుమ గీత ఉంటే ఇంకా బలం. గూని లేకుండా, అయిదు చుట్లతో, ఎండుగడ్డి రంగు మీద పైనుంచి కిందికి ముదురు చారలు దిగితే పార్టులా రేడియోలాటా, ఇది గ్వామ్‌లో తప్ప మరెక్కడా లేదు. గుల్ల చాలా పలచగా, వెలుతురు దాటేలా, నాలుగే చుట్లతో ఉంటే పార్టులా కుటుంబంలోనిదే అయిన సమోవానా ఫ్రాజిలిస్‌ను ఆలోచించండి. బతికున్నప్పుడు దీని మీద కనిపించే మచ్చలు, తెల్ల పట్టీలు నత్త ఒంటివి, గుల్లలోంచి కనిపిస్తాయి అంతే. నత్త పోయాక గుల్ల బోసిగా ఉంటుంది. ఫోటోలో మచ్చలు చూసి, చేతిలోని గుల్లలో అవి లేవని వదిలేస్తే జాతినే వదిలేసినట్టు. నాలుగోది, పార్టులా సాలిఫానా, అంతరించిపోయింది. పాత సేకరణల గుల్లల్లో దాన్నీ మనసులో పెట్టుకోవాలి.

చేతులు, సొరుగు, చీటీ

ప్రాణంతో ఉన్న నత్తను చెట్టు మీది నుంచి తీయవద్దు, ఫోటో చాలు. పసిఫిక్ దీవుల్లో నత్తల ద్వారా మెదడు పొరలకు సోకే పురుగు (ఎలుకల్లో ఉండే పరాన్నజీవి) ఉంది, మన ఆఫ్రికా నత్తల్లోనూ ఉండవచ్చు. ఖాళీ గుల్లను పట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోండి. గుల్లను మెత్తని కుంచెతో, మంచినీళ్లతో తుడవండి. నిమ్మరసం, వెనిగర్ తగలనివ్వకండి, సున్నం కరిగిపోతుంది. ఓకు వంటి చెక్క పెట్టెల్లో ఉంచవద్దు. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి గుల్ల మీద తెల్లని బూడిద పూసి, ఏళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.

పేరు రాసేటప్పుడు తెలిసినంతవరకే రాయండి. నా గుల్ల ఎత్తు 18.4, వెడల్పు 11.2 మిల్లీమీటర్లు, అయిదు చుట్లు. ఎడమ చుట్టు, పెద్ద నత్త గుల్ల, లోపలి గోడ మీద చిన్న పన్ను. మోరెయా అని ఉంటే సుటురాలిస్‌ను ఆలోచించేవాణ్ని, తహితి అని ఉంటే పార్టులా ఒటాహెయిటానాను. రెండూ సొసైటీ దీవులవే, రెండింటిలోనూ ఎడమ చుట్టు గుల్లలున్నాయి. మూడు వారాలు ఫోటోలతో పోల్చి చూశాక పాత చీటీని తీసేయకుండా, దాని వెనకే కొత్త చీటీ పెట్టాను:

‘పార్టులా. జాతి తేలలేదు. సొసైటీ దీవులు, దీవి తెలియదు. పెద్ద నత్త. మొన పైకి పట్టుకుంటే నోరు ఎడమ వైపు. 18.4 × 11.2 మి.మీ., 5 చుట్లు, పన్ను ఉంది, బొడ్డు తెరుచుకుని ఉంది. పాత చీటీ జతపరచడమైనది.’